అటక మీదే ఉంది క్రిస్మస్!

డిసెంబరు వచ్చిందంటే చాలు... దుకాణాల ముందు నక్షత్రాలు వేలాడతాయి. ప్లాస్టిక్ చెట్లు, మెరిసే బంతులు, ఎర్ర టోపీలు రా రమ్మంటాయి. పిల్లలేమో ఎదురింటి మేడ మీద వెలిగే స్టార్‌ని చూసి, మన ఇంటి చూరు వంక చూస్తారు. అప్పుడు నాన్న జేబు తడుముకుంటాడు. అమ్మ పోపులపెట్టె వెతుకుతుంది. కొత్త బట్టలు, కేకు, పిండివంటలు, చర్చి కానుక, బంధువుల రాకపోకలు... ఇన్ని ఖర్చుల మధ్య అలంకరణకి మిగిలేది ఎంతని?

కంగారు పడకండి. అటక మీదున్న అట్టపెట్టె ఒకసారి కిందికి దించండి. పాత చీరల మూట విప్పండి. వీధి చివర చిత్తుకాగితాల కొట్టు వైపు ఓ చూపు వేయండి. మీ పండగ సామాను సగం అక్కడే ఉంది. మిగతా సగం మీ చేతుల్లో ఉంది!

పండగ పుట్టిందే పాకలో

పాతవాటితో అలంకరిస్తే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు చాలామందికి ఉంటుంది. కానీ చరిత్ర తిరగేస్తే, క్రిస్మస్ అలంకరణల్లో చాలా భాగం చేతికి అందినవాటితో మొదలైనవే. సువార్త చెప్పే కథలోనే సత్రంలో చోటు లేదు. పసిబిడ్డకి దొరికిన ఊయల పశువుల తొట్టి.

1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్లో అసిసీకి చెందిన ఫ్రాన్సిస్ ఆ పశువుల పాకను జనం కళ్లకు కట్టాలనుకున్నాడు. ఆయన తెప్పించినవి ఏమిటంటే... ఒక తొట్టి, కాస్త ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. అంతే! ఇవాళ మన చర్చిల్లో, ఇళ్లలో వెలిసే పాకలన్నింటికీ ఆ రాత్రి ఒక పెద్ద ప్రేరణ. 2023తో దానికి 800 ఏళ్లు నిండాయి.

నక్షత్రం సంగతీ అంతే. చాలా కోణాలతో మెరిసే మొరేవియన్ స్టార్ 19వ శతాబ్దం తొలి సగంలో జర్మనీలోని ఒక బడిలో పుట్టింది. పిల్లలకి జామెట్రీ నేర్పడానికి కాగితంతో చేయించిన పాఠం అది! ఫిలిప్పీన్స్‌లో ప్రతి ఇంటి ముందూ వెలిగే ‘పరోల్’ నక్షత్రానికి మూలం వెదురు పుల్లలు, పల్చని కాగితం. ఇక చెట్టుకి కరెంటు దీపాలు ఎక్కింది 1882లో. న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లోని చెట్టుకి 80 బల్బులు చుట్టాడు. అంతకుముందు చెట్టు మీద ఉన్నవి కొవ్వొత్తులు, ఆపిల్ పండ్లు, కాయలు, బిస్కెట్లు. అంటే వంటింట్లోంచి వచ్చినవే!

పిల్లల కథలతో మనందరికీ తెలిసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కూడా ఈ బాపతే. ఆయన రంగు కాగితాలు అల్లి చేసిన గుండె ఆకారపు సంచీ ఒకటి డెన్మార్క్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. అది 1860 నాటిది. అన్ని కథలు రాసిన మనిషి అల్లిన కాగితాన్నే అంత పదిలంగా దాచారంటే, మీ పాప కత్తిరించిన వంకర నక్షత్రాన్ని దాచడానికి మొహమాటం ఎందుకు చెప్పండి?

ముందు ఇల్లు గాలించండి

బజారుకి వెళ్లే ముందు ఒక ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఇల్లు గాలించండి. పిల్లలకి ఇదో నిధి వేట. ఏమేం దొరుకుతాయో చూడండి.

పాత శుభలేఖలు: వీటిని మించిన సరుకు లేదు. మందపాటి అట్ట, బంగారు రంగు అచ్చు, ఎర్ర మఖమల్ కాగితం... కొనబోతే ఖరీదే. నక్షత్రాలు, గంటలు, దేవదూతల రెక్కలు కత్తిరించడానికి దిట్టంగా ఉంటాయి. ఇరుగుపొరుగు ఇచ్చిన కార్డుల మీద వాళ్ల దేవుళ్ల బొమ్మలుంటే ఆ భాగం జోలికి వెళ్లకండి. పక్కన పెట్టేయండి. అది మర్యాద.

చిరిగిన పట్టుచీరలు: చీర పోయినా జరీ అంచు పోదు. రెండంగుళాల వెడల్పున అంచు విడదీస్తే అదే రిబ్బను. చెట్టుకి చుట్టొచ్చు. తలుపు మీద బో కట్టొచ్చు. పల్లూ అయితే పాక కింద పరవడానికి పనికొస్తుంది.

జత తప్పిన గాజులు: రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది... ఇలా సైజులు కొద్దిగా తేడా ఉన్న మూడు గాజులు తీసుకోండి. వాటికి మిగిలిన ఉన్ని దారమో, పట్టుదారమో చుట్టండి. ఒకదానిలో ఒకటి అడ్డంగా దూర్చి, పైనా కిందా దారంతో బిగించండి. గుండ్రటి బంతి తయారు! లోపల చిన్న మువ్వ కడితే గాలికి మోగుతుంది.

లక్కపిడతలు: అమ్మాయి పెద్దదయ్యాక మూలన పడ్డ ఏటికొప్పాక బుడ్లు, బొంగరాలు, గిలక్కాయలు చెట్టుకి వేలాడదీస్తే ఎంత ముద్దొస్తాయో! అంకుడు కర్ర తేలిక కాబట్టి కొమ్మ వంగదు. కింద పడినా పగలదు.

ఇంకా... పగిలిన పూసల దండలు, చొక్కా గుండీలు, పాడైపోయిన సీడీలు, గాజు సీసాలు, కొబ్బరిచిప్పలు, ఊచలు మాత్రమే మిగిలిన గొడుగు, తాతగారి సైకిలు చక్రం. వేటినీ వెంటనే పారేయకండి. మూడు అట్టపెట్టెలు పెట్టుకోండి. ‘మెరిసేవి’, ‘గుడ్డలు-దారాలు’, ‘కాగితాలు-అట్టలు’. ఇలా విడదీసి పెట్టుకుంటే పని సగం అయినట్టే.

కొట్టుకెళ్తే ఇలా కొనండి

ఇంట్లో లేనివి పాత సామాన్ల కొట్లో వెతకొచ్చు. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారాల జుమ్మేరాత్ బజారు పాత వస్తువులకి పేరుపడ్డవి. మిగతా ఊళ్లలో చిత్తుకాగితాలు, పాత ఇనుము కొనే కొట్లు ఎలాగూ ఉంటాయి. అక్కడ వెతకాల్సింది క్రిస్మస్ సామాను కాదు. ఆకారం, మెరుపు ఉన్నవేవైనా సరే... ఇత్తడి గంట, కొవ్వొత్తి స్టాండు, వెదురు బుట్ట, ఫొటో ఫ్రేము, చెక్కపెట్టె, పాత చిక్కు తెర.

కొనేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఎంత ఖర్చు పెట్టాలో ఇంటి దగ్గరే తేల్చుకుని అంతే డబ్బు జేబులో పెట్టుకెళ్లండి. చవగ్గా దొరుకుతుంది కదాని పది కొంటే అది చవక బేరం కాదు. రెండు, ఒకే రకానివి నాలుగైదు ఉంటే తీసుకోండి. ఒంటరి వస్తువు పాత సామానులా కనిపిస్తుంది. అవే వరసగా నాలుగుంటే అలంకరణ అవుతుంది. మూడు, చెక్క వస్తువుల కీళ్లు, పగుళ్లు పరిశీలనగా చూడండి. నల్లులు, చెదలు అక్కడే దాక్కుంటాయి. నాలుగు, కరెంటు సామాను మాత్రం పాతది కొనకండి.

తెచ్చినవాటిని నేరుగా ఇంట్లోకి తీసుకురావద్దు. రెండు రోజులు ఎండలో ఉంచండి. ఇత్తడికి చింతపండు పులుసు పట్టించి తోమితే అమ్మమ్మ కాలం నాటి మెరుపు వస్తుంది. గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి.

చవగ్గా దొరికే మరో సమయం పండగ వెళ్లిన మర్నాటి నుంచి కొత్త సంవత్సరం వరకు. దుకాణాల్లో మిగిలిన సరుకుకి ధర తగ్గిస్తారు. వచ్చే ఏటికి కావాల్సిన సీరియల్ లైట్లు అప్పుడు కొనిపెట్టుకుంటే తెలివైన పని. కొన్న రోజే వెలిగించి చూసుకోవడం మరవకండి.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకీ, చదువుకోడానికి వెళ్లిన పిల్లలకీ ఈ పని ఇంకా సులువు. అక్కడ గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ లాంటి సంస్థల దుకాణాల్లో జనం ఇచ్చేసిన సామాను అమ్ముతారు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు గుడ్‌విల్ పనికి అంకురం వేశాడు. పాత బట్టలు, సామాన్లు సేకరించి, పేదలతోనే బాగు చేయించి, అమ్మగా వచ్చిన డబ్బు వాళ్లకే జీతంగా ఇచ్చేవాడు. పాత వస్తువు కొనడం అక్కడ చిన్నతనం కాదు. ఇక్కడ మాత్రం ఎందుకవ్వాలి?

చూరుకి చుక్క

తెలుగు ఊళ్లలో ఇది క్రైస్తవుల ఇల్లని దూరం నుంచే చెప్పేది స్టార్. కొనే స్టార్ ఒక్క మంచుకే నీరసించి, జనవరికల్లా పీలికలవుతుంది. చేసుకునే స్టార్‌కి ఏటా కాగితం మారిస్తే చాలు. చట్రం ఏళ్ల తరబడి ఉంటుంది.

పాత చిక్కు తెర నుంచో, విరిగిన తడిక నుంచో 2 అడుగుల వెదురు బద్దలు 10 తీసుకోండి. ఐదు బద్దలతో ఐదు మూలల నక్షత్రం కట్టండి. ఒక్కో బద్ద ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లాలి. మిగతా ఐదింటితో రెండోది. ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ దారంతో బిగించండి. ఇప్పుడు నడిమధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల, రెండు నక్షత్రాలకీ మధ్యన 4 అంగుళాల పుల్లలు నిలబెట్టి కట్టండి. చట్రం ఉబ్బి లోపల ఖాళీ ఏర్పడుతుంది. అదే దీపం గది!

గాలిపటాల కాగితం మైదా జిగురుతో అంటించండి. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదంటారు పెద్దలు. కానీ అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ ఊసే వద్దు. వెనకవైపు ఒక ముక్క అంటించకుండా వదిలేయండి. బల్బు మార్చడానికి, వేడి బయటికి పోవడానికి అదే దారి. లోపల పాత కాలం ఫిలమెంటు బల్బు వద్దే వద్దు. అది వెలుగు కన్నా వేడే ఎక్కువ ఇస్తుంది. కాగితం మాడిపోతుంది. తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు.

ఇంట్లో వెదురు లేదా? సైకిలు చక్రం ఉందిగా! దాని ఊచలకి సీరియల్ దీపాలు నక్షత్రం ఆకారంలో అల్లి, గోడకి వేలాడదీయండి. వైరు ఊచలకి ఒరుసుకుని చిట్లకుండా మధ్యమధ్యలో గుడ్డ పీలికలు చుట్టండి.

చెట్టు కొనాలా?

కోస్తాలో చాలామందికి క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. కొబ్బరి తాడుతో కట్టి, ఇసక పోసిన బకెట్లో నిలబెడితే హాలంతా పచ్చిగా వాసనేస్తుంది. తోటలు నరికేటప్పుడు కొమ్మలూ రెమ్మలూ ఊరికే పడి ఉంటాయి. అడిగి తెచ్చుకోండి. అడక్కుండా కొట్టుకురావద్దు. ఇసక తడిగా ఉంచితే నాలుగు రోజులు పచ్చదనం నిలుస్తుంది. ఎండిన సరుగుడుకి మాత్రం నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కాబట్టి కొత్త సంవత్సరం దాకా లాగకుండా వాడగానే తీసేయండి.

అపార్ట్‌మెంట్లో చోటు లేదంటారా? గోడ చెట్టు వేయండి. ఎండుపుల్లలు ఏడెనిమిది తీసుకుని కింద పొడుగ్గా, పైకి పోయేకొద్దీ పొట్టిగా ఉండేలా విరవండి. వాటిని రెండు పక్కలా పురికొసతో నిచ్చెనలా కట్టి మేకుకి తగిలించండి. నేల మీద ఒక్క అంగుళం చోటు కూడా అక్కర్లేదు. గుడ్డ చిరిగిన గొడుగు ఉంటే దాన్ని తెరిచి, కర్రని బరువైన కుండీలో పాతండి. ఊచల కొసల నుంచి బంతులు వేలాడదీస్తే బుజ్జి చెట్టు రెడీ! ఎండిన జామకొమ్మకి సున్నం పూసి నిలబెడితే మంచు కురిసిన చెట్టే.

బల్ల మీదికి చిన్న చెట్టు కావాలంటే చదివేసిన వారపత్రిక ఉంది. ఓ వంద పేజీలుంటే బాగుంటుంది. అట్ట చింపేయండి. మొదటి కాగితం పై కుడి మూలని లోపలికి, కుట్టు దగ్గరికి మడవండి. ఆ ఏటవాలు అంచుని మళ్లీ కుట్టు దగ్గరికి మడవండి. కింద పొడుచుకొచ్చిన కొసని పైకి మడిచి లోపలికి దూర్చండి. అన్ని కాగితాలూ ఇలాగే. చివరికి మొదటిదీ ఆఖరిదీ కలిపి అంటిస్తే శంఖంలా నిలబడుతుంది. బడికి వెళ్లే పిల్లలు ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని. ఈ సంచికని మాత్రం పూర్తిగా చదివాకే మడవండి!

తోరణం మనది... పండగా మనదే

మావిడాకుల తోరణం మనకి తెలుసు. అదే నేర్పుతో కాగితపు గొలుసులు కట్టొచ్చు. పాత క్యాలెండర్లు, రంగుల పత్రికలు అంగుళం వెడల్పు, ఆరేడు అంగుళాల పొడవు పీలికలుగా కత్తిరించి, ఒకదానిలో ఒకటి దూర్చి అంటించడమే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో ఇళ్లన్నీ ఇలా చిత్తుకాగితాల గొలుసులతోనే పండగ చేసుకున్నాయి. బాంబుల భయం నడుమ కూడా పిల్లలు రంగులు పూసి మరీ గొలుసులు కట్టారు.

డిసెంబరంటే మనకి కోతల కాలం. పల్లెల్లో గుమ్మానికి వేలాడదీసే వరికుచ్చుకి ఒక ఎర్రటి జరీ పీలిక చుట్టి చూడండి. విదేశీ దండలు దాని ముందు ఏపాటి? పిచ్చుకలకీ పండగే. మొక్కజొన్న పొత్తు మీది రేకులు ఎండబెట్టి, తడిపి, నడుం దగ్గర కట్టి విప్పారిస్తే దేవదూత గౌను అవుతుంది. తలకి ఒక పూస చాలు. నీలగిరి కాయలు, సరుగుడు కాయలు దారానికి గుచ్చితే దండ.

మెదక్ చర్చి చూసినవాళ్లు దాని రంగుటద్దాల కిటికీల్ని మరచిపోలేరు. అందులో ఒకటి క్రీస్తు పుట్టుకది. కరవు రోజుల్లో జనానికి కూలీ, కూడు దొరకాలని రెవరెండ్ పాస్నెట్ తలపెట్టిన ఆ కట్టడం 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. ఆ కిటికీ అందం ఇంటికి తెచ్చుకోవాలంటే నల్ల అట్టలో బొమ్మ కత్తిరించి, వెనక మిఠాయి పెట్టెల మీది రంగు జిలేటిన్ కాగితాలు అంటించి, అద్దం కిటికీకి పెట్టండి. పగలు ఇంట్లోకి, రాత్రి వీధిలోకి రంగులు పడతాయి.

పాకలో మొలకలు

పాకకి పళ్లకొట్లో పారేసే ఆపిల్ చెక్కపెట్టె అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. లేకుంటే చెప్పుల అట్టపెట్టె. పైన వరిగడ్డి. మరియ, యోసేపు బొమ్మల ముక్కులు విరిగాయని పారేయకండి. రంపపుపొట్టు, జిగురు కలిపి అతికి, రంగు వేయండి. ఆవులు, ఎద్దులబండి, కుండలు మోసే ఆడవాళ్లు... పాత కొండపల్లి బొమ్మలుంటే అవి కూడా పాక చుట్టూ చేరతాయి. బేత్లెహేము మన పక్క ఊరైపోతుంది!

పచ్చిక కోసం ప్లాస్టిక్ గడ్డి ఎందుకు? డిసెంబరు 14, 15 తేదీల్లో కొబ్బరిచిప్పల్లో మట్టి పోసి రాగులో, ఆవాలో, గోధుమలో చల్లండి. రోజూ నీళ్లు చిలకరించండి. పది రోజుల్లో పచ్చగా లేస్తాయి. తొట్టిలో బాలయేసు బొమ్మని మాత్రం ముందే పెట్టేయకుండా 24 రాత్రి వరకు ఆగే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఆ పని ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లకి అప్పగించండి. వాళ్లు ఆ రోజు కోసం కాచుకుని కూర్చుంటారు.

చిందరవందర కాకుండా...

పాతవాటితో చేసినవి కొన్ని ఇళ్లలో ముచ్చటగా, కొన్ని ఇళ్లలో గుజరీలా ఎందుకుంటాయి? తేడా డబ్బుది కాదు, రంగుది. పది రంగుల పది వస్తువులు పెడితే కంటికి గందరగోళం. అందుకని రెండు రంగులే ఎంచుకోండి. ఎరుపు-బంగారం, తెలుపు-పచ్చ... మీ ఇష్టం. ఆకారాలు ఎన్నైనా ఉండనివ్వండి. రంగు కలిస్తే అన్నీ ఒకే సెట్టులా కనిపిస్తాయి. సీసాల మూతలు, గుండీలు, విరిగిన బొమ్మలు అన్నింటికీ ఒకే డబ్బా రంగు పూయండి. మాయ చూస్తారు.

రెండోది, ఇల్లంతా అలంకరించాలని చూడొద్దు. గుమ్మం, చెట్టు మూల, పాక... ఈ మూడూ చాలు. ఉన్న కొద్దిపాటి సరుకూ మూడు చోట్ల గుమిగూడితే నిండుగా ఉంటుంది. ఇల్లంతా పరిస్తే వెలితిగా ఉంటుంది. మూడోది దీపం. గాజు సీసాలో పది చిన్న ఎల్ఈడీలు వేసి మూల పెడితే గోడ మీద పడే నీడలే అలంకరణ.

జాగ్రత్త సుమా!

- కొవ్వొత్తి ఉన్నచోట కాగితం, గడ్డి, థర్మకోల్ ఉండకూడదు. థర్మకోల్ ఇట్టే అంటుకుంటుంది. ఆ పొగ విషం.
- కాలిపోయిన ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బులతో బొమ్మలు చేయొద్దు. వాటిలో పాదరసం ఉంటుంది.
- పాత సీరియల్ సెట్టు వైరు చిట్లినా, అతుకులు టేపుతో కప్పి ఉన్నా పక్కన పడేయండి. ఇనుప గ్రిల్లుకి అసలే చుట్టొద్దు. ఒకే ప్లగ్గుకి నాలుగైదు సెట్లు తగిలించొద్దు.
- పడుకునే ముందు, చర్చికి వెళ్లే ముందు అన్ని స్విచ్చులూ ఆపేయండి.
- గాజు ముక్కలు, గుండీలు, పూసలు పసిపిల్లలకి అందనంత ఎత్తులో కట్టండి.

సాలెపురుగు ఇచ్చిన కానుక

ఉక్రెయిన్‌లో ఒక జానపద కథ చెబుతారు. ఓ పేద వితంతువు గుడిసెలో చెట్టు మొలిచింది. పిల్లలు దాన్ని పండగకి అలంకరించాలని ఆశపడ్డారు. ఇంట్లో ఏముంది? బోసి చెట్టుని చూస్తూనే పడుకున్నారు. రాత్రి సాలెపురుగులు చెట్టు నిండా గూళ్లు అల్లాయి. తెల్లారి సూర్యకిరణాలు తాకగానే ఆ దారాలన్నీ వెండి బంగారాలుగా మారిపోయాయట! అక్కడ ఇప్పటికీ చెట్టుకి చిన్న సాలెపురుగు బొమ్మ కట్టుకుంటారు. మనం దులిపేసే బూజు కూడా పండగకి పనికొచ్చిందన్నమాట.

పెట్టె మీద పేర్లు రాయండి

పండగ అయ్యాక చెత్తబుట్టలోకి పోయేది కొన్న అలంకరణ. చేసుకున్నది పోదు. జనవరి మొదటి వారంలో ఒక్కొక్కటీ పాత పేపర్లో చుట్టి పెట్టెలో సర్దండి. బంతులకి కోడిగుడ్ల అట్టలు బాగా పనికొస్తాయి. సీరియల్ దీపాల్ని అట్టముక్కకి చుట్టి పెడితే చిక్కు పడవు. ఒక్కో వస్తువు వెనక చేసిన ఏడు, చేసినవాళ్ల పేరు రాయండి.

పదేళ్లు పోయాక ఆ పెట్టె విలువ ఏ దుకాణంలోనూ దొరకదు. అమ్మ లేని ఇంట్లో ఆమె పట్టుచీర అంచు ఏటా చెట్టుకి చుట్టుకుంటూ ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న నాన్న ఒక సెలవులో కట్టిన వెదురు చట్రం ఆయన రాలేని ఏడు కూడా చూరుకి వెలుగుతుంది. రెండో తరగతిలో అబ్బాయి వంకరగా కత్తిరించిన శుభలేఖ నక్షత్రాన్ని, వాడు ఇంజినీరింగ్ చదువుతుండగా చెల్లి బయటికి తీసి ఏడిపిస్తుంది.

వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు స్నేహితులుంటే, మీ సంఘంలో అడిగి చూస్తే, మరో మంచి పని చేయొచ్చు. డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక బల్ల వేయించండి. ఎవరింట్లో ఎక్కువైనవి వాళ్లు అక్కడ పెట్టాలి. అవసరమైనవాళ్లు తీసుకెళ్లాలి. ఎవరు పెట్టారో, ఎవరు తీసుకున్నారో రాసుకోవద్దు. ఏమీ లేని ఇంటి పిల్లలు కూడా ఆ సాయంత్రం ఒక నక్షత్రం చేతబట్టుకుని ఇంటికి వెళ్తారు.

ఇంకెందుకు ఆలస్యం... నిచ్చెన ఎక్కి ఆ అటక మీద పెట్టె దించండి. పిల్లల్ని కింద పట్టుకోమనండి!